గిరి చెరపడానికా, గీయడానికా?

2022 అక్టోబరులో కెనడాలోని ఎడ్మంటన్ పోలీసులు ఒక ముఖాన్ని విడుదల చేశారు. 2019లో జరిగిన ఓ లైంగిక దాడి కేసులో నిందితుడు ఇలా ఉండొచ్చన్నారు. బొమ్మలో ఉన్నది నల్లజాతి యువకుడు. సాక్షులెవరో పోలికలు చెప్పగా చిత్రకారుడు గీసిన ముఖం కాదది. కేసులో దొరికిన డీఎన్ఏను అమెరికాలోని పారాబన్ అనే కంపెనీకి పంపితే వాళ్ల కంప్యూటర్ తయారుచేసింది. వయసెంతో డీఎన్ఏ చెప్పలేదు కాబట్టి 25 ఏళ్లు అనుకున్నారు. లావో సన్నమో తెలియదు కాబట్టి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 22 అనుకున్నారు. విమర్శలు మొదలవగానే పోలీసులు బొమ్మను వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పారు.

నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతాను. క్లాసు కోసం ఉదాహరణలు వెతుకుతుంటే ఈమధ్యే ఆ బొమ్మ కంటపడింది. చూసిన మరుక్షణం నా బుర్ర చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది: ఇలాంటి ముఖం ఎక్కడో చూశానే అని వెతకడం మొదలెట్టింది. ఎడ్మంటన్ నేనెప్పుడూ వెళ్లలేదు. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా వెతికింది. అక్కడే ఉన్నవాళ్ల బుర్రలు ఇంకెంత వెతికి ఉంటాయో!

ముఖం సంగతి పక్కన పెడదాం. దాని అడుగున ఉన్న పని వేరు. డీఎన్ఏలోని కొన్ని గుర్తులను చూసి, ఈ మనిషి పూర్వీకులు ప్రపంచంలో ఏ వైపు వాళ్లో అంచనా వేస్తారు. ఈ పద్ధతి మీద నాకో అభిప్రాయం ఉంది. నాలుగు నెలల్లో అది రెండుసార్లు మారింది.

నా లెక్కను చింపేసిన ఫోన్ కాల్

మొదట్లో నేను పూర్తి వ్యతిరేకిని. క్లాసులో ఒక లెక్క ఇచ్చేవాణ్ని. ఒక ప్రాంతంలో 10,000 మంది మగవాళ్లున్నారు. వాళ్లలో 200 మంది ఒక చిన్న వర్గం. పరీక్ష వందకు 98 సార్లు సరిగ్గా చెబుతుంది. నేరం జరిగిన చోట దొరికిన డీఎన్ఏ ఆ చిన్న వర్గానిదని రిపోర్టు వచ్చింది. అది నిజమయ్యే అవకాశం ఎంత?

పిల్లలు ఠక్కున 98 శాతం అంటారు. అప్పుడు బోర్డు మీద వేసి చూపించేవాణ్ని. ఆ 200 మందిలో 196 మందికి రిపోర్టు అలాగే వస్తుంది. మిగతా 9,800 మందిలో రెండు శాతానికి పొరపాటున అలాగే వస్తుంది. అదీ 196 మందే. సగానికి సగం. బొమ్మా బొరుసా ఆటకూ దీనికీ తేడా లేదు. క్లాసు నిశ్శబ్దమైపోయేది. నాకది ఎంత ఇష్టమైన నిశ్శబ్దమో చెప్పలేను.

ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేసే స్నేహితురాలికి ఈ లెక్కను కాస్త గర్వంగానే పంపాను. సాయంత్రం ఫోన్ చేసింది.

"ఆ 98 ఎక్కడ పట్టుకొచ్చావు?"

"లెక్క సులువుగా ఉంటుందని."

"అందుకే అంత సులువుగా గెలిచావు."

ఆమె చెప్పింది ఇదీ. ఒక గుర్తు ఒక జనసమూహంలో 80 శాతం మందికి, ఇంకో సమూహంలో 20 శాతం మందికి ఉందనుకుందాం. అది దొరికితే మొదటి సమూహం వైపు మొగ్గు నాలుగు రెట్లు. ఒక్కదానితో ఏమీ తేలదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని అలాంటి గుర్తులు పది దొరికితే నాలుగును పదిసార్లు హెచ్చవేయాలి. పది లక్షల రెట్లు దాటిపోతుంది. ల్యాబులు వాడేది పది కాదు. జన్యుశాస్త్రవేత్త కెన్నెత్ కిడ్ బృందం ఎంచి ఇచ్చిన జాబితాలో 55 ఉన్నాయి. మార్కెట్లో దొరికే ఒక కిట్‌లో 165. కొన్ని గుర్తులు ఒంటరిగానే బలమైనవి. ఎర్ర రక్తకణాల మీద డఫీ అనే ప్రొటీన్ కనిపించకుండా చేసే మార్పు సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో దాదాపు అందరికీ ఉంటుంది, మిగతా చోట్ల చాలా అరుదు. వైవాక్స్ మలేరియా నుంచి కాపాడుతుంది కాబట్టి అక్కడ అలా పాతుకుపోయింది.

అంటే తరతరాలుగా ఒకే ఖండంలో ఉన్నవాళ్ల విషయంలో, ఏ ఖండం అన్న ప్రశ్న వరకూ, ఈ పరీక్ష 98 శాతం ఆట కాదు. అంతకన్నా చాలా గట్టిది. బొమ్మా బొరుసా లెక్కను నేను పాఠంలోంచి తీసేశాను. బాధేసింది. మంచి లెక్క అది.

గడులు ఎవరు గీశారు

ఫోన్ పెట్టేసే ముందు ఆమే ఇంకో తలుపు తెరిచింది. "లెక్కలో తప్పు వెతక్కు. ఆప్షన్లు ఏమిచ్చారో చూడు" అంది. పోలీసులు 'వీడు ఎక్కడివాడు' అని అడుగుతారట. ల్యాబ్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. తన దగ్గరున్న గడుల్లో, అంటే ముందే నమూనాలు సేకరించి పెట్టుకున్న జనసమూహాల్లో, ఈ డీఎన్ఏ ఏ గడికి దగ్గరో మాత్రమే అది చెప్పగలదు. అసలు గడి లేనివాణ్ని కూడా ఏదో ఒక గడిలో కూర్చోబెట్టే తీరుతుంది.

2003లో అమెరికాలో పోలీసులకు ఈ సేవ అమ్మిన డీఎన్ఏప్రింట్ అనే కంపెనీ దగ్గర నాలుగే గడులు: సహారా దిగువ ఆఫ్రికా, తూర్పు ఆసియా, అమెరికా ఆదివాసులు, ఇండో-యూరోపియన్. ఈ చివరి గడి ఎంత పెద్దదంటే డబ్లిన్ మనిషీ ఢిల్లీ మనిషీ అందులోనే. ఆ తర్వాత గడులు పెరిగాయి, నిజమే. కానీ గడి గీయాలంటే ముందు నమూనాలు కావాలి. చాలా ఏళ్లు పరిశోధకులందరూ ఆధారపడిన హ్యూమన్ జీనోమ్ డైవర్సిటీ సేకరణలో 52 జనసమూహాలుంటే, భారతదేశం నుంచి ఒక్కటీ లేదు. దక్షిణాసియా తరఫున పాకిస్తాన్‌లోని సమూహాలే లెక్కలోకి వచ్చాయి. తర్వాత వచ్చిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో 26 సమూహాలు, 2,504 మంది. వాటిలో ఐటీయూ అనే గుర్తుతో ఒక సమూహం ఉంది. అది మనమే, తెలుగువాళ్లం. నమూనాలిచ్చింది మాత్రం యూకేలో ఉంటున్న 102 మంది. కోట్లాది జనం తరఫున ఎక్కడో ఉన్న నూటరెండు మంది సంతకం పెట్టారన్నమాట.

మా బావగారు ఇంట్లో ఉమ్మి నింపి పంపే కిట్ ఒకటి కొన్నారు. ఫలితంలో నాలుగు శాతం మధ్య ఆసియా వచ్చింది. ఏడాది పాటు ఆయన గుర్రాలెక్కిన పూర్వీకుల గురించి మాట్లాడారు. తర్వాత కంపెనీ తన నమూనాల పట్టికను మార్చింది, ఆ నాలుగు శాతం మాయమైంది. ఆయన డీఎన్ఏ మారలేదు, ఉమ్మీ మారలేదు. గడులు మారాయి. ఇంట్లో నవ్వుకోవడానికి సరిపోయింది. అదే నాలుగు శాతం ఎవరి కేసు ఫైల్లోనో ఉంటే?

ఇక్కడ 2002లో జన్యుశాస్త్రవేత్త నోవా రోసెన్‌బర్గ్ బృందం ప్రచురించిన పరిశోధన గుర్తు చేయాలి. 52 సమూహాల నుంచి 1,056 మంది, 377 గుర్తులు. ఎవరు ఎక్కడివాళ్లో చెప్పకుండా కంప్యూటర్‌కిచ్చి ఐదు గుంపులుగా విడదీయమంటే, అవి ఇంచుమించు పెద్ద భూభాగాలతో సరిపోయాయి. అదే పరిశోధనలో ఇంకో సంఖ్య ఉంది. మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో 93 నుంచి 95 శాతం ఒకే సమూహం లోపలే ఉన్నాయి. జాతులు నిజమనేవాళ్లు మొదటి వాక్యం చూపిస్తారు, కాదనేవాళ్లు రెండోది చూపిస్తారు. రెండూ నిజమే. మిగిలిన ఆ కొద్ది శాతంలోంచి బాగా తేడా ఉన్న గుర్తులను ఏరి కట్టిన పరీక్ష ఇది. ఏరడం తప్పు కాదు, దాని పనే అది. కానీ ఏరినవాటిని మాత్రమే చూసేవాడికి ప్రపంచం అసలున్నదానికన్నా ఎక్కువ ముక్కలుగా కనిపిస్తుంది.

కొల్లుమ్‌లో ఏం జరిగింది

ఇలా వ్యతిరేకత మళ్లీ బలపడుతున్న సమయంలో కొల్లుమ్ కేసు చదివాను. నా అభిప్రాయం రెండోసారి మారింది.

1999 మేలో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్‌లో, కొల్లుమ్ దగ్గర, 16 ఏళ్ల అమ్మాయిని అత్యాచారం చేసి గొంతు కోసి చంపారు. దగ్గర్లోనే శరణార్థుల కేంద్రం ఉంది. గొంతు కోయడం మనవాళ్ల పద్ధతి కాదన్న మాట ఊరంతా పాకింది. అది ఆ కేంద్రంలో ఉన్నవాళ్ల పనేనని జనం తీర్మానించేశారు. కోపం వీధుల్లోకి వచ్చింది. అప్పుడు ఒక జన్యుశాస్త్రవేత్త దొరికిన డీఎన్ఏలో వై క్రోమోజోమ్ చూసి, ఇది వాయవ్య యూరప్ మనిషిది కావడానికే అవకాశం ఎక్కువని చెప్పాడు. ఇలాంటి పరీక్షకు అక్కడి చట్టం స్పష్టంగా చోటిచ్చింది 2003లో, ఆ తర్వాతే. 2012లో చుట్టుపక్కల ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్లను స్వచ్ఛందంగా శాంపిల్ ఇవ్వమన్నారు. దొరికినవాడు అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉండే స్థానిక రైతు. తానే వెళ్లి శాంపిల్ ఇచ్చాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

పదమూడేళ్లు. ఆ పరీక్ష హంతకుణ్ని పట్టివ్వలేదు. కానీ ఒక కేంద్రంలో తలదాచుకున్నవాళ్ల మీద కమ్ముకున్న అనుమానాన్ని కొంతైనా సడలించింది. (వై క్రోమోజోమ్ తండ్రి, తాత, ముత్తాత అనే ఒక్క గీతనే చెబుతుంది. ఎనిమిది తరాలు వెనక్కి వెళితే ఉండే 256 మంది పూర్వీకుల్లో ఒక్కరు. ఆ ఒక్కరి మీద అంత భారం వేయడం సాహసమే. ఈ కేసులో సరిపోయింది.)

అమెరికాలోని బాటన్ రూజ్ కథ కూడా ఇలాంటిదే, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. లూసియానాలో ఆడవాళ్లను వరసగా చంపుతున్న హంతకుడు తెల్లవాడని పోలీసులు నమ్మారు. తెల్ల పికప్ ట్రక్కులో తిరిగే తెల్లవాడి కోసం వెతికారు. వెయ్యి మందికి పైగా మగవాళ్ల నుంచి శాంపిళ్లు తీసుకున్నారు. 2003 మార్చిలో డీఎన్ఏప్రింట్ రిపోర్టు వచ్చింది: 85 శాతం ఆఫ్రికా, 15 శాతం అమెరికా ఆదివాసీ. మే నెలలో డెరిక్ టాడ్ లీ అరెస్టయ్యాడు. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు కథ ఇక్కడ ఆపేస్తారు. లీ మీద వేరే ఊరి పోలీసులకు పాత కేసుల్లో అప్పటికే అనుమానం ఉందన్న సంగతి చెప్పరు. పరీక్ష అతని పేరు చెప్పలేదు. అతని పేరు వినకుండా అడ్డం పడుతున్న నమ్మకాన్ని తీసేసింది.

ఈ రెండూ చదివాక నాకో సూత్రం దొరికిందనిపించింది. ఈ పరీక్ష 'కాదు' అన్నప్పుడు నమ్మవచ్చు, 'అవును' అన్నప్పుడు నమ్మకూడదు. డైరీలో రాసుకున్నాను కూడా. స్నేహితురాలికి చెప్తే ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, "తెల్లవాడు కాదు అంటే బాటన్ రూజ్‌లో దాని అర్థం ఏమిటి?" అంది. అంతే. అక్కడ ఆ 'కాదు' పోలీసులకు వినిపించేది 'నల్లవాడు' అనే. ఒకే వాక్యానికి రెండు మొహాలు.

దూదిపుల్లల మీద దొరికిన మనిషి

జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో 2007 ఏప్రిల్‌లో ఒక యువ పోలీసు అధికారిణిని కాల్చి చంపారు. కారు మీద దొరికిన డీఎన్ఏ ఒక ఆడమనిషిది. అదే డీఎన్ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో నలభై దాకా నేరాల్లో కనిపించింది. హత్యలు, చిల్లర దొంగతనాలు, దేనికీ దేనితో పొంతన లేదు. ఆస్ట్రియాలో మైటోకాండ్రియా డీఎన్ఏను (తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చేది) పరీక్షించి, తూర్పు యూరప్ వైపు మూలాలని చెప్పారు. అనుమానం యూరప్‌లో ఒక మైనారిటీ వర్గమైన రోమా ప్రజల మీదకు మళ్లింది. వాళ్ల సంఘాలు ఎంత మొత్తుకున్నా ఆగలేదు.

2009లో బయటపడింది. ఆమె హంతకురాలు కాదు. శాంపిల్ తీసే దూదిపుల్లల్ని ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో కార్మికురాలు. ప్రతి నేరస్థలానికీ ఆమె డీఎన్ఏను మోసుకెళ్లింది పోలీసులే. 2011లో తేలిందేమిటంటే ఆ అధికారిణిని చంపింది ఎన్ఎస్‌యూ అనే నయా నాజీ ముఠా.

ఈ కథను ఎక్కువమంది ల్యాబుల నిర్లక్ష్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు వేరే చోట గుచ్చుకుంది. ఆ ఫ్యాక్టరీలో తూర్పు యూరప్ నుంచి వచ్చిన ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. అంటే వంశమూలం గురించిన జవాబు బహుశా సరైనదే! గుర్తులు తప్పు చెప్పలేదు, గణితం తప్పలేదు, గడులూ తప్పలేదు. అయినా ఏ పాపం ఎరగని ఒక సమూహం నెత్తిన రెండేళ్లు అనుమానం కూర్చుంది. పరీక్ష ఎంత కచ్చితమైనదన్న ప్రశ్న దగ్గర నేను నాలుగు నెలలు కాలక్షేపం చేసినట్టు అప్పుడు తెలిసింది.

హైల్‌బ్రాన్‌కూ కొల్లుమ్‌కూ తేడా ఎక్కడుంది? కొల్లుమ్‌లో జనం ముందే గిరి గీసుకుని కూర్చున్నారు, పరీక్ష దాన్ని చెరిపింది. బాటన్ రూజ్‌లోనూ అంతే. హైల్‌బ్రాన్‌లో గిరి లేదు, పరీక్షే గీసింది. ఎడ్మంటన్‌లో కూడా అదే గీసింది, పైగా ఆ గిరికి కళ్లూ ముక్కూ పెట్టింది.

ఇప్పుడు నేను నిలబడ్డ చోటు ఇదే. వెతికే పరిధిని పెంచడానికైతే ఈ ఫలితాన్ని వాడనివ్వాలి, కుదించడానికి వాడనివ్వకూడదు. బాటన్ రూజ్‌లో సరైన ఆదేశం 'ఇక నల్లవాళ్లను వెతకండి' కాదు, 'తెల్లవాడన్న కారణంగా పక్కన పడేసిన ఆధారాలన్నీ మళ్లీ తీయండి'. రెండో ఆదేశంతో కూడా లీ ఫైలు బయటికొచ్చేది. రిపోర్టు దర్యాప్తు అధికారి చేతికి మాత్రమే వెళ్లాలి. ఏ గడులతో పోల్చారో, ఏ సమూహాల నమూనాలు లేవో అందులో రాసి ఉండాలి. దాన్ని పట్టుకుని ఒక వర్గం మగవాళ్లందరి నోళ్లలో దూదిపుల్లలు పెట్టకూడదు. మెజారిటీవాళ్లకైనా అది ఊరికే పోదు. బాటన్ రూజ్‌లో శాంపిల్ ఇవ్వనన్న ఒకాయన పేరు వార్తల్లోకెక్కింది. అనుమానించడానికి తగిన కారణమే లేదని అప్పీల్ కోర్టు చెప్పేసరికి 2006 వచ్చింది.

గుర్తు తెలియని శవాల విషయం వేరు. అక్కడ ఎవరి మీదా నేరం మోపడం లేదు. ఆ ఎముకలను ఇంటికి చేర్చడానికి ఏ గుర్తు పనికొచ్చినా వాడుకోవాలి.

మరి రంగు మాటేమిటి అంటారు. జర్మనీ 2019లో సరిగ్గా ఈ గీతే గీసింది: కళ్లు, జుట్టు, చర్మం రంగులు, వయసు చూడొచ్చు, వంశమూలం చూడకూడదు. 2023 నుంచి స్విట్జర్లాండ్ అన్నీ చూడనిస్తోంది. రంగు బయటికి కనిపించేదే కదా, సాక్షి చెప్పినదానితో సమానం కదా అన్న వాదనలో పస ఉంది. నీలి కళ్లు, గోధుమ కళ్లు డీఎన్ఏ బాగానే చెబుతుంది, మధ్య రంగుల దగ్గర తడబడుతుంది. కానీ అందరూ తెల్లగా ఉండే చోట 'ముదురు చర్మం' అన్న మాట వంశం పేరెత్తకుండానే వంశం చెప్పేస్తుంది. జర్మనీ గీత నాకు పూర్తిగా నచ్చలేదు.

బావగారి ప్రశ్న

నా వాదనలో ఉన్న పెద్ద చిల్లు నాకు తెలుసు. మెజారిటీ వర్గం అని వస్తే ఈ ఫలితం దర్యాప్తుకు పెద్దగా పనికిరాదు, లక్షల మంది ఉంటారు. చిన్న వర్గం అని వచ్చినప్పుడే పని సులువవుతుంది. నేను వద్దంటున్నది సరిగ్గా ఆ సులువునే.

ఇది బావగారి ముందు పెడితే ఆయన సూటిగా, "మీ అమ్మాయికే జరిగి ఉంటే?" అన్నారు.

"పరీక్ష చేయించమంటాను, బొమ్మ వేయించమంటాను, ఊళ్లో అందర్నీ పట్టుకోమంటాను" అన్నాను. అబద్ధం చెప్పి ఏం లాభం. "మరి మీ అబ్బాయి శాంపిల్ కోసం తలుపు కొడితే?"

"ఇస్తాడు. దాచుకోవడానికి ఏముంది?"

"ఆ వీధి మొత్తంలో వాడొక్కడి తలుపే కొడితే?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాడొక్కడిదే ఎందుకు కొడతారు?" అన్నారు. కాసేపటికి, "నువ్వు చెప్పినట్టు చేస్తే కొందరు దొరకరు కదా" అన్నారు.

"దొరకరు."

"ఆ మాట కూడా రాయి" అని లేచారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మీ ల్యాబ్ అమ్మాయిని అడుగు, నా నాలుగు శాతం ఎటు పోయిందో" అన్నారు.